చింతపిక్కల లెక్క

మన సంఘం ప్రత్యేక సంచికకు ఏదైనా వ్రాసి ఇమ్మని కార్యదర్శిగారు రెండు నెలలుగా అడుగుతున్నారు. పెన్షను నిబంధనల మీద, కరువు భృతి బకాయిల మీద సాధికారంగా వ్రాయగల పెద్దలు మనలో చాలామంది ఉన్నారు. నేను 1972లో ఎల్.డి.సి.గా చేరి 2008లో సూపరింటెండెంటుగా దిగిపోయిన మామూలు గుమాస్తాను. సర్వీసులో సగభాగం రోడ్ల శాఖలో అంకెలు కూడటం, కూడినవాటిని తిరిగి కూడటం, చివర పొడి సంతకం పెట్టడంతో గడిచింది. కాబట్టి నాకు తెలిసిన ఆ అంకెల గురించే వ్రాస్తాను. బండ్లను లెక్కపెట్టడం, పుస్తకాలను లెక్కపెట్టడం అనే రెండు పనులు ఎక్కడ మొదలై ఎంతదూరం వచ్చాయో చెప్పాలని నా ఉద్దేశం. మధ్యలో నా సొంత గొడవ ఒకటి వస్తుంది. పెద్దలు మన్నించాలి.

ఈ చదువంతా నాకు పదవీ విరమణ తరువాత అబ్బినదే. మా పెద్దమ్మాయి కొడుకు ఇంజనీరింగులో రవాణా విషయం తీసుకుని పరిశోధన చేస్తున్నాడు. సెలవులకు వచ్చినప్పుడు ఒకరోజు దిగులుగా కూర్చున్నాడు. ఏమిరా అంటే, "తాతయ్యా, నేను వ్రాసిన పేపర్లను ఎవరూ సైట్ చెయ్యటం లేదు. నా హెచ్ ఇండెక్సు రెండు దగ్గరే ఆగిపోయింది" అన్నాడు. అదేమిటో నాకు అర్థం కాలేదు. వాడు చెప్పాడు. ఒక పరిశోధకుడి వ్యాసాల్లో కనీసం అయిదింటిని, ఒక్కొక్కదాన్ని కనీసం అయిదేసిసార్లు, ఇతరులు తమ వ్యాసాల్లో పేర్కొంటే అతని సూచిక అయిదు. పదింటిని పదేసిసార్లు పేర్కొంటే పది. 2005లో హిర్ష్ అనే భౌతిక శాస్త్రజ్ఞుడు అమెరికాలో దీన్ని ప్రతిపాదించాడట. ఇప్పుడు ఉద్యోగాలకు, ప్రమోషన్లకు కూడా దాన్ని చూస్తున్నారట. మన రోజుల్లో కాన్ఫిడెన్షియల్ రిపోర్టు ఉండేది గదా, అది దొర చేతిలో ఉండేది. ఇది లెక్క చేతిలో ఉంది. ఏది నయమో నేను చెప్పలేను.

"మరి నీ పేపర్లు దేనిమీద?" అని అడిగాను. "రెండు ఊళ్ళ మధ్య ఎంతమంది ప్రయాణం చేస్తారో ముందుగా అంచనా కట్టే పద్ధతుల మీద" అన్నాడు. నాకు నవ్వు వచ్చింది. వాడు బండ్లను లెక్కపెడుతుంటే, వాడిని ఇంకొకరు లెక్కపెడుతున్నారు. ఆనాటి నుంచి ఈ రెండు లెక్కల పూర్వాపరాలు వాడిచేత తెప్పించుకుని, అర్థం కానిచోట వాడిచేత చెప్పించుకుని చదువుతూ వచ్చాను.

రవాణా లెక్క రైళ్ళతో మొదలైంది. ఇంగ్లాండులో 1830 తరువాత రైలు కంపెనీలు పుట్టగొడుగుల్లా లేచాయి. ఒక లైను వెయ్యాలంటే పార్లమెంటు అనుమతి కావాలి. అనుమతికి ఆదాయం అంచనా కావాలి. అందుకని కంపెనీలవారు రోడ్ల పక్కన మనుషులను కూర్చోబెట్టి, పోయే కోచి బండ్లను, అందులోని ప్రయాణీకులను, సరుకును లెక్క కట్టించేవారు. వీళ్ళకు ట్రాఫిక్ టేకర్లని పేరు. ఆ లెక్కను రెండింతలు చేసి, రైలు వస్తే ఇంతమంది ఎక్కుతారని చూపించడం ఒక ఆనవాయితీ. జీతం ఇచ్చేవాడు లైను కావాలన్నవాడే గనుక లెక్క ఎటు మొగ్గేదో వేరే చెప్పనక్కరలేదు. 1840ల మధ్యలో వచ్చిన రైల్వే పిచ్చిలో షేర్లు కొని మునిగిపోయిన కుటుంబాలు ఎన్నో. ఆ అంచనాలలో చాలావరకు ఈ రోడ్డు పక్క లెక్కల మీద కట్టినవే.

ఆ రోజుల్లోనే ఈ పనిని నిజాయితీగా చేసినవారూ ఉన్నారు. ఐర్లండులో రైల్వే కమిషను తరఫున హార్నెస్ అనే సైనిక ఇంజనీరు 1837లో పటాలు తయారుచేశాడు. ఏ దారిలో ఎంతమంది పోతున్నారో ఆ గీత అంత లావుగా ఉంటుంది. అంకెల పట్టీ చదవలేని దొరకు కూడా చూడగానే తెలిసిపోతుంది. ఫ్రాన్సులో మినార్ అనే ఇంజనీరు 1845లో దిజోన్ నుంచి మ్యులూజ్ దాకా రోడ్డు ప్రయాణీకులను ఇదే విధంగా గీసి, రైలు మార్గం ఎటు వెయ్యాలో తేల్చుకోవలసినవారికి పంచిపెట్టాడు.

ఈ మినార్‌గారి గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మన సంఘానికి ఆయన గౌరవ సభ్యుడు కావలసినవాడు. 1781లో పుట్టాడు. వంతెనలు, రోడ్ల శాఖలో ఇన్‌స్పెక్టర్ జనరల్ దాకా ఎదిగి, 1851లో తన 70వ పుట్టినరోజున పదవీ విరమణ చేశాడు. ఆయన గీసిన పటాల్లో ఎక్కువ భాగం ఆ తరువాతివే. బొగ్గు ఎటుపోతోంది, ద్రాక్షసారా ఎటుపోతోంది, పారిస్ పట్నానికి పశువులు ఎక్కడనుంచి వస్తున్నాయి, అన్నీ లావు సన్నం గీతలుగా వేశాడు. నెపోలియన్ రష్యా దండయాత్ర పటం ఆయనకు 88 ఏళ్ళున్నప్పుడు, 1869 నవంబరులో వచ్చింది. 4,22,000 మంది సైన్యం లావుపాటి గీతగా బయలుదేరి, 10,000 మంది సన్నని దారంలా తిరిగి వస్తారు. మరుసటి ఏడు జర్మన్ సేనలు పారిస్ మీదికి వస్తుంటే, పూర్తికాని పనిని చంకన పెట్టుకుని బోర్దోకు తరలిపోయి, ఆరు వారాల్లో అక్కడే కన్నుమూశాడు. మనం 58కే చేతులు దులుపుకుని కూర్చున్నాం.

పటాలకంటే ముఖ్యమైన మాట మినార్ అంతకుముందే చెప్పాడు. రైలు కంపెనీలవారు, ప్రభుత్వాలవారు ఈ చివర మహానగరం నుంచి ఆ చివర మహానగరానికి పోయే ప్రయాణీకుడినే కళ్ళముందు పెట్టుకున్నారు. అందుకని మధ్య ఊళ్ళను వదిలేసి వీలైనంత తిన్నగా లైన్లు గీశారు. 1842, 43లలో మినార్ రెండు చిన్న పుస్తకాలు వ్రాసి, నడిచే లైన్ల లెక్కలు చూపించాడు. బండిలో ఎక్కువమంది మధ్యలో ఎక్కి మధ్యలో దిగేవాళ్ళే, కంపెనీని పోషించేది వాళ్ళే అన్నాడు. మన పల్లె వెలుగు బస్సు కండక్టరును అడిగినా ఇదే చెబుతాడు. కాని ఆ రోజుల్లో అది కొత్త మాట.

బెల్జియంలో రైళ్ళు మొదటినుంచీ ప్రభుత్వానివే. 1835లో మొదలయ్యాయి. ప్రభుత్వం కనుక ఏ స్టేషను నుంచి ఏ స్టేషనుకు ఎంతమంది పోయారో పట్టీలు వేసి అచ్చువేశారు. ఎవరో పేరు తెలియని గుమాస్తాలు రాత్రింబవళ్ళు కూర్చుని తీసిన పట్టీలు అవి. వాటిని ముందు పెట్టుకుని దెసార్ అనే బెల్జియన్ ఇంజనీరు 1846లో ఒక సూత్రం పట్టాడు. రెండు ఊళ్ళ జనాభా పెరిగితే వాటి మధ్య ప్రయాణం పెరుగుతుంది. దూరం పెరిగితే తగ్గుతుంది. ఎంత తగ్గుతుందంటే, దూరం రెండింతలైతే ప్రయాణీకులు నాలుగో వంతు అవుతారు, మూడింతలైతే తొమ్మిదో వంతు. ఇది న్యూటన్ గురుత్వాకర్షణ సూత్రం వేసుకున్న చొక్కానే. గ్రహాలకు బరువు, ఊళ్ళకు జనాభా.

ఇంత పెద్ద విషయం కనిపెడితే ఏం జరగాలి? ఏమీ జరగలేదు. రైల్వే పిచ్చిలో ఉన్నవాళ్ళు అటువంటి మాట వినే స్థితిలో లేరు. ఆ సూత్రం మరుగున పడింది. 1891లో ఆస్ట్రియా రైల్వే ఉద్యోగి లిల్ ప్రయాణ సూత్రమని మళ్ళీ వ్రాశాడు. 1931లో అమెరికాలో రైలీ, ఏ ఊరివాడు ఏ పట్నం అంగడికి పోతాడో చెప్పడానికి మళ్ళీ కనిపెట్టాడు. 1946లో జిఫ్ మళ్ళీ చెప్పాడు. ఒకరిది ఒకరికి తెలియదు. మా ఆఫీసులో ఒకే ఉత్తరానికి మూడు సెక్షన్లలో మూడు ఫైళ్ళు తెరిచినట్టు ఉంది ఈ సంగతి. అమెరికాలో ఉన్న ఆండ్రూ ఓడ్లిజ్కో అనే గణితశాస్త్రజ్ఞుడు ఈ మధ్యకాలంలో పాత కాగితాలు తవ్వి దెసార్‌ను వెలికితీశాడు. ఈ ఓడ్లిజ్కోగారు పాత రైళ్ళ లెక్కలూ చూస్తాడు, పరిశోధన పత్రికల భవిష్యత్తు మీదా 1990ల నుంచి వ్రాస్తున్నాడు. రెండు లెక్కలూ ఒకే మనిషి చేతిలో చూసినప్పుడు నాకు చాలా సంతోషం వేసింది. ఒకమాట మాత్రం మా మనవడు గట్టిగా చెప్పమన్నాడు. ఇది న్యూటన్ సూత్రంలాగా ప్రకృతి శాసనం కాదు. ఊరినిబట్టి, ప్రయాణం పనినిబట్టి దూరం ప్రభావం మారుతుంది. లెక్క తీసి సరిచూసుకోకుండా వాడితే తప్పుతుంది.

లెక్క తీయడం అన్నాను గనుక నా గొడవ ఇక్కడ చెప్పాలి.

అది 1979 జనవరి. ఏ ఊరో చెప్పను. బెల్లం మార్కెట్టు ఉన్న పెద్ద ఊరికి 8 మైళ్ళ దూరంలో, కాలువ మీద ఇరుకు వంతెన. ట్రాఫిక్ సెన్సస్‌కు నిబంధన ఏమిటంటే, ఏడాదికి రెండుసార్లు, ఒకటి పంటలు మార్కెట్టుకు పోయే రోజుల్లో, ఒకటి ఖాళీ రోజుల్లో, వరసగా ఏడు రోజులు, రాత్రీ పగలూ లెక్క తీయాలి. మనిషికి 8 గంటల చొప్పున మూడు షిఫ్టులు. ప్రొఫార్మాలో కార్లకు ఒక గడి, బస్సులకు ఒకటి, లారీలకు ఒకటి, సైకిళ్ళకు ఒకటి, ఎడ్లబళ్ళకు ఒకటి. బండికొక నిలువు గీత. నాలుగు గీతలయ్యాక అయిదోది అడ్డంగా. వాటిని కూడి, ఫెయిర్ కాపీ తీసి, పైకి పంపడం నా పని.

మూడోరోజు సాయంత్రానికి రాత్రి షిఫ్టు కుర్రవాడికి జ్వరం తగిలి ఇంటికి పోయాడు. వాడు ఎన్.ఎం.ఆర్. కూలీ. బదులు మనిషి లేడు. గ్యాంగు మేస్త్రీ ఒక ముసలాయన ఉండేవాడు. "నేను కూర్చుంటానయ్యా" అన్నాడు. ఆయనకు చదువు రాదు. సరే కూర్చోమన్నాం, ఎవరో ఒకరు పోస్టులో కనబడితే చాలునని.

సోమవారం రిపోర్టు పోవాలి. రాత్రుల గడులు నాలుగు రోజులవి ఖాళీ. నేను సెక్షను పెద్దను అడిగాను. ఆయన చెడ్డవాడేమీ కాదు. ముగ్గురు ఆడపిల్లల తండ్రి, రిటైర్మెంటు దగ్గర పడ్డవాడు. "పోయినేడు ఫైలు తియ్యి. దానికి నూటికి అయిదు కలుపు. తేడా ఎక్కువైతే పైవాళ్ళు వివరణ అడుగుతారు" అన్నాడు. నేను అలాగే వేశాను. రాత్రికి ఎడ్లబళ్ళు 38 అని నా దస్తూరీతో వ్రాశాను. మిగతా రోజులకు 37, 39, 38. ఒకే అంకె వేస్తే అనుమానం వస్తుందని.

ఫెయిర్ కాపీ అయ్యాక మేస్త్రీ వచ్చాడు. చేతిలో నాలుగు గుడ్డ మూటలు. బల్లమీద పెట్టి, "అయ్యా, రాత్రికో మూట. చింతపిక్కలు ఎడ్లబళ్ళు, గులకరాళ్ళు లారీలు. సైకిళ్ళకు ఏమీ వెయ్యలేదు, చీకట్లో కనబడలా" అన్నాడు. నేను మొదటి మూట విప్పి లెక్కపెట్టాను. చింతపిక్కలు 212. బెల్లం బళ్ళు ఎండ తగలకుండా, తెల్లవారేసరికి మార్కెట్టు చేరాలని రాత్రి పూటే వరస కట్టి పోతాయి. ఆ సంగతి ఆ ఊళ్ళో చిన్నపిల్లవాడికీ తెలుసు. నాకూ తెలుసు. మిగతా మూటలు విప్పలేదు. "సరే మేస్త్రీ, చూస్తాలే" అన్నాను. రిపోర్టు ఆ సాయంత్రమే టపాలో పోయింది. మూటలు కొన్నాళ్ళు నా బల్ల సొరుగులో ఉన్నాయి. తరువాత అటెండరు తీసి పారవేశాడు.

1981 చలికాలంలో ఆ వంతెన మీద ఒక లారీ ఎడ్లబళ్ళ వరసలోకి దూసుకుపోయింది. ఒక బండివాడు, ఒక జత ఎడ్లు పోయారు. ఎందుకు వంతెన వెడల్పు చెయ్యలేదని అడిగితే ఫైలు తీశారు. ప్రతిపాదన ఒకటి ఉంది, దాన్ని వాయిదా వేశారు. వాయిదాకు చూపిన కారణాల్లో రాత్రి రద్దీ స్వల్పం అన్నది ఒకటి. దాని కింద జతపరచిన పట్టీ నా దస్తూరీ. నా లెక్క సరిగా ఉంటే వంతెన వెడల్పయ్యేదని నేను చెప్పలేను. డబ్బు లేదని ఆపినా ఆపేవారు. కాని ఆ పట్టీని అందరికంటే ముందు నేనే గుర్తుపట్టాను, ఏమీ అనలేదు. మేస్త్రీ అప్పటికి రిటైరయ్యాడు. సెక్షను పెద్ద కూడా. తరువాత తరువాత చదివాను: ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ 1990 మార్గదర్శకాల్లో ఒక ఎడ్లబండి రోడ్డు మీద 8 కార్లతో సమానమని లెక్క కట్టింది. లారీ 3, సైకిలు అర. ఆ లెక్కన చూస్తే ఆ ఒక్క రాత్రి వంతెన మీద బళ్ళు 1,696 కార్లతో సమానం. నేను వ్రాసింది 304.

మళ్ళీ చరిత్రలోకి వస్తాను. 20వ శతాబ్దంలో రవాణా లెక్క సోవియట్ దేశంలో ఒక మలుపు తిరిగింది. ఉప్పు, సిమెంటు ఉన్న ఊళ్ళు కొన్ని, కావలసిన ఊళ్ళు కొన్ని. ఎక్కడినుంచి ఎక్కడికి పంపితే మొత్తం దూరం అతి తక్కువ అవుతుంది? 1930లో టోల్స్టాయ్ (నవలాకారుడు కాదు, ఆయన అప్పటికి పోయి 20 ఏళ్ళు) అనే నిపుణుడు దీన్ని పద్ధతిగా చేశాడు. 10 చోట్ల నుంచి 68 చోట్లకు పంపే లెక్కను యంత్రాలేమీ లేకుండా చేత్తో తేల్చాడు. 1939లో కాంతరోవిచ్ అటువంటి లెక్కలన్నిటికీ ఒక గణితం కట్టాడు. యుద్ధకాలంలో అమెరికాలో కూప్‌మన్స్ ఖాళీ ఓడలను ఎటు తిప్పాలో ఇదే పద్ధతిలో వేరుగా తేల్చాడు. ఇద్దరికీ కలిపి 1975లో ఆర్థికశాస్త్రంలో నోబెల్ బహుమానం ఇచ్చారు.

అమెరికావారు అదే సోవియట్ రైలు పటాన్ని 1955 అక్టోబరులో మరొక పనికి వాడుకున్నారు. హారిస్ అనే గణితజ్ఞుడు, రాస్ అనే రిటైర్డ్ జనరల్ కలిసి ఒక రహస్య నివేదిక వ్రాశారు. 44 కూడళ్ళు, 105 దారులు. రష్యా నుంచి తూర్పు ఐరోపాకు మొత్తంమీద 1,63,000 టన్నుల కంటే ఎక్కువ పోదని తేల్చారు. ఎక్కడ తెంపితే అతి తక్కువ ఖర్చుతో మొత్తం ఆగిపోతుందో అక్కడ ఒక గీత గీసి, సీసా మెడ అన్న అర్థం వచ్చే పేరు పెట్టారు. ఆ సమస్యనుంచే ఫోర్డ్, ఫుల్కర్సన్ అనే ఇద్దరు, ఒక వలలో ఎంత పోగలదో, దాన్ని ఆపడానికి కనీసం ఎంత తెంపాలో, ఆ రెండూ ఒకే అంకె అన్న సిద్ధాంతానికి వచ్చారు. ఒకరు ఉప్పు పంపడానికి, ఒకరు బాంబులు వెయ్యడానికి. లెక్కకు ఆ తేడా తెలియదు. 1999లో ఆ నివేదిక మీద రహస్య ముద్ర తీసేశారు.

ఇక పుస్తకాల లెక్క. దీనికి మూలం న్యాయవాదుల దగ్గర ఉందంటే మన కోర్టు శాఖ మిత్రులు సంతోషిస్తారు. 1873లో అమెరికాలోని ఇల్లినాయిస్‌లో షెపర్డ్ అనే వ్యాపారి, ఒక తీర్పును తరువాతి తీర్పులలో ఎక్కడ ఉటంకించారో, ఎక్కడ కొట్టివేశారో చిన్న చీటీల మీద అచ్చువేసి, జిగురు రాసి అమ్మాడు. వకీళ్ళు వాటిని తమ లా రిపోర్టుల మార్జిన్లో అంటించుకునేవారు. ఫైనాన్షియల్ కోడ్‌లో కరెక్షన్ స్లిప్పులు అంటించిన మన వేళ్ళకు ఆ జిగురు వాసన తెలుసు. పాత కోడ్ పుస్తకం సగం జిగురుతోనే లావయ్యేది.

శాస్త్రాలలో ఈ లెక్క మొదలుపెట్టింది లైబ్రరీల దరిద్రం. 1927లో అమెరికాలో గ్రాస్ అనే ఇంటిపేరున్న ఇద్దరు, ఒక చిన్న కాలేజీకి ఏ రసాయన పత్రికలు కొనాలో తేల్చడానికి, ఒక పెద్ద పత్రిక 1926 సంపుటంలోని ఉటంకింపులన్నీ లెక్కపెట్టారు. 3,633 వచ్చాయి. ఏ పత్రిక పేరు ఎక్కువసార్లు వస్తే దానికి ముందు చందా కట్టాలన్నమాట. అంతకు ఒక ఏడాది ముందే లోట్కా అనే ఇన్స్యూరెన్సు కంపెనీ ఉద్యోగి, రసాయన శాస్త్రజ్ఞుల పేర్ల సూచీ తిరగేసి, నూటికి 60 మంది ఒక్క వ్యాసమే వ్రాస్తారని, రెండు వ్రాసినవారు వాళ్ళలో నాలుగోవంతు, మూడు వ్రాసినవారు తొమ్మిదోవంతు ఉంటారని చూపాడు. దెసార్ సూత్రంలోని నాలుగోవంతు, తొమ్మిదోవంతు ఇక్కడా వచ్చేసరికి నేను కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చదివాను. కారణాలు వేరు, అంకెలు మాత్రం అవే.

లండనులో సైన్స్ మ్యూజియం లైబ్రరీని చూసిన బ్రాడ్‌ఫర్డ్ 1934లో మరొకటి చూపాడు. భూగర్భ పరిశోధనకు సంబంధించిన 1,332 వ్యాసాలు 326 పత్రికల్లో వచ్చాయి. అందులో 429 కేవలం 9 పత్రికల్లోనే. తరువాతి 499 వ్యాసాల కోసం 59 పత్రికలు చూడాలి. చివరి 404 కోసం 258 పత్రికలు. ప్రతి మెట్టుకూ శ్రమ సుమారు అయిదింతలవుతోంది. మన ఊరి బస్టాండు తీరూ అంతే, పది సర్వీసులు కిటకిటలాడుతాయి, వంద సర్వీసులు తలా నలుగురిని మోస్తాయి. ఆ నలుగురి బస్సులు ఎత్తేస్తే ఏమవుతుందో ఆ నలుగురికే తెలుసు.

మన దేశంలో ఈ ఆలోచన రంగనాథన్‌గారిది. ఆయన మద్రాసు ప్రెసిడెన్సీ కాలేజీలో లెక్కల మేష్టారు, 1924లో మద్రాసు యూనివర్సిటీ లైబ్రేరియన్ అయ్యాడు. లెక్కల బుర్ర గనుక పుస్తకాలను అంకెలతో, చుక్కలతో విభజించే కొత్త వర్గీకరణ 1933లో ఇచ్చాడు. 1948లో ఇంగ్లాండులో ఒక సభలో, లైబ్రరీ పనులన్నిటికీ గణాంక పద్ధతులు వాడాలని, దానికి లైబ్రామెట్రీ అని పేరు కూడా పెట్టాడు. మన తెలుగునాట పుస్తకమూ బండీ అంతకుముందే కలుసుకున్నాయి. పాతూరి నాగభూషణంగారు 1935లో కాలువ పడవలో గ్రంథాలయం పెట్టి ఊరూరా తిప్పారు. పాఠకుడు పుస్తకం దగ్గరికి ఎంత దూరం నడుస్తాడో ఆయన ఏ సూత్రమూ లేకుండానే గ్రహించారు.

ప్రైస్ అనే ఆయన కథ నాకు అన్నిటికంటే ఇష్టం. 1940ల చివర సింగపూరులో రాఫెల్స్ కాలేజీలో లెక్కలు చెప్పేవాడు. లైబ్రరీ భవనం కట్టడం పూర్తికాలేదు. 1665 నుంచి వస్తున్న రాయల్ సొసైటీ పత్రిక సంపుటాలను భద్రంగా ఇంట్లో పెట్టుకోమన్నారు. ఆయన మంచం పక్కన గోడకు ఆనించి, పదేళ్ళకొక దొంతర చొప్పున పేర్చాడు. పడుకుని చూస్తే దొంతరల తలలు ఒక వంపు గీతలా పైకి లేస్తున్నాయి. కొన్నేళ్ళకొకసారి శాస్త్రం రెట్టింపు అవుతోందని అలా మంచంమీద తట్టింది. 1950లో ఆమ్‌స్టర్‌డామ్ సభలో చదివితే ఎవరూ పట్టించుకోలేదట. తరువాత ఆయన వ్రాసిన పుస్తకమే, 1963లో వచ్చినది, ఈ విద్యకు మూలగ్రంథమైంది. ఎక్కువసార్లు ఉటంకించబడ్డ వ్యాసాన్నే మళ్ళీ ఉటంకిస్తారని 1976లో ఆయనే గణితం కట్టి చూపాడు. జనం ఉన్న బస్సునే జనం ఎక్కుతారు, అది మంచి బస్సేనని.

ఆ ఉటంకింపులన్నిటినీ పట్టీ కట్టినవాడు గార్ఫీల్డ్. 1953లో ఆయనకు కొలరాడో నుంచి ఒక ఉత్తరం వచ్చింది. వ్రాసినది విలియం అడెయిర్, షెపర్డ్ చీటీల కంపెనీలో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. మా వకీళ్ళ పద్ధతి మీ శాస్త్రాలకు ఎందుకు పనికిరాదు, అని అడిగాడు. గార్ఫీల్డ్ దాన్ని పట్టుకుని 1955లో వ్యాసం వ్రాశాడు, 1963లో మొదటి సూచిక అచ్చువేశాడు. 613 పత్రికలు, 14 లక్షల ఉటంకింపులు. ఆ రోజుల్లో కార్డులకు చిల్లులు కొట్టి చేసిన పని. మినార్, రాస్, అడెయిర్. ఈ చరిత్రలో ఎక్కడ చూసినా పెన్షనరు ఒకడు తగులుతున్నాడు.

ఈ పట్టీలు పుట్టింది ఏ పత్రిక కొనాలో, ఏ వ్యాసం ఎక్కడనుంచి వచ్చిందో తెలుసుకోవడానికి. అవే మనుషులను తూచే రాళ్ళయ్యాయి. మా మనవడు చెబుతాడు, ఒకరినొకరు ఉటంకించుకునే జట్లు ఉన్నాయట, ఒక పరిశోధనను ముక్కలు చేసి నాలుగు వ్యాసాలుగా వేసేవారు ఉన్నారట. వినగానే నాకు 37, 39, 38 గుర్తొచ్చాయి. వాడికి చింతపిక్కల సంగతి ఆ రోజే చెప్పాను. మా ఆవిడకు కూడా అంతవరకు చెప్పలేదు. వాడు చాలాసేపు మాట్లాడలేదు. తరువాత, "తాతయ్యా, ఇప్పటి మోడల్స్‌లో కూడా రాత్రి లెక్కలు దొరకకపోతే పగటి లెక్కను ఇంతని గుణించి వేసేస్తాం" అన్నాడు. "మరి బెల్లం బళ్ళు?" అన్నాను. "ఆ సంగతి ఎవరైనా చెబితేనే తెలుస్తుంది" అన్నాడు.

2011 జనవరిలో ఒక పెళ్ళికి ఆ వైపు పోయాను. పాత వంతెన పక్కన ఇప్పుడు వెడల్పాటి కొత్త వంతెన ఉంది. పెళ్ళి విడిదిలో నిద్ర పట్టక, శాలువా కప్పుకుని, వంతెన చివర టీ దుకాణం బల్లమీద కూర్చున్నాను. దుకాణం కుర్రవాడిని అడిగి పాత లెక్కల పుస్తకంలో ఒక కాగితం చింపించుకున్నాను. గడులు గీశాను. రాత్రి పది నుంచి తెల్లవారి ఆరు దాకా, బండికొక నిలువు గీత, అయిదోది అడ్డం. లారీలు 164, కార్లు 97, ట్రాక్టర్లు 41. మోటారు సైకిళ్ళు ఎక్కువే గాని రెండుసార్లు కునుకు పట్టింది, కాబట్టి ఆ అంకె వ్రాయను. ఎడ్లబళ్ళ గడిలో సున్నా వేశాను. కాగితం కింద తేదీ వేసి పొడి సంతకం పెట్టాను. అది ఇప్పటికీ నా దగ్గర పెన్షను పుస్తకంలో ఉంది.